సీ డ్రైవ్ ముందున్న ఏ, బీ ఏమయ్యాయి?

కంప్యూటర్ తెరిస్తే కనిపించేది సీ డ్రైవ్. మరి ఏ, బీ ఎక్కడున్నాయని ఇంట్లో పిల్లలు అడుగుతుంటారు. మాకు తెలిసిన చరిత్ర చెబుతాం.

1960లలోనే ఐబీఎం పెద్ద యంత్రాల్లో, సీపీ/సీఎంఎస్ అనే వ్యవస్థలో, డిస్కులను అక్షరాలతో పిలిచేవారు. 1974లో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎంలోనూ అదే పద్ధతి. టిమ్ పాటర్సన్ రాయగా మైక్రోసాఫ్ట్ కొనుక్కున్న డాస్ కూడా ఆ దారినే నడిచింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో రెండు ఫ్లాపీ డ్రైవ్‌లకు చోటుంది: అవే ఏ, బీ. ఒక్కటే డ్రైవ్ ఉన్నా రెండు పేర్లూ దానివే. ఫ్లాపీ మార్చమని డాస్ అడిగేది. 1983లో పీసీ ఎక్స్‌టీతో వచ్చిన 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుకు ఆ తర్వాతి అక్షరం, సీ, దక్కింది.

ఫ్లాపీలు పోయినా సీ కదల్లేదు. ఎన్నో ప్రోగ్రాములు ఆ చిరునామానే నమ్ముకున్నాయి మరి. పెద్దలు వదిలొచ్చిన ఊరు మన ఇంటిపేర్లలో నిలిచినట్టే ఇదీ.

పేరు నిలుస్తుంది కానీ ఫ్లాపీలో రాసింది నిలవదు. దాని అయస్కాంత పూత ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. సంఘం పాత జాబితాలు, లెక్కలు ఎవరి బీరువాలోనైనా ఫ్లాపీల్లో ఉంటే, దయచేసి వెంటనే కాపీ చేయించండి.