సర్టిఫికెట్ రెన్యువల్ మిస్సైతే సైట్‌కి చిక్కే.. సర్వర్లలో ‘టైమర్’ ఎలా పనిచేస్తుందంటే?

వెబ్‌సైట్ ఓపెన్ చేయగానే ‘సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక ఎప్పుడైనా కనిపించిందా? దానికి ఒక ప్రధాన కారణం సర్టిఫికెట్ గడువు ముగియడమే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు మామూలుగా 90 రోజుల గడువుతో వస్తాయి.

వందల సర్వర్లు ఉంటే ఒక్కోదాన్నీ చూసుకుంటూ కూర్చోవడం కుదరదు. అందుకే అడ్మిన్లు యాన్సిబుల్, పపెట్ లాంటి కాన్ఫిగరేషన్ టూల్స్‌లో ‘ఈ పని రోజుకు రెండుసార్లు జరగాలి’ అని ఒక్కసారి రాసి పెడతారు. సిస్టమ్‌డీ ఉన్న ప్రతి లినక్స్ సర్వర్‌లోనూ టూల్ రెండు ఫైళ్లు పెడుతుంది. సర్వీస్ ఫైల్‌లో చేయాల్సిన పని, టైమర్ ఫైల్‌లో దాని వేళ ఉంటాయి.

మూడు విషయాలు మర్చిపోవద్దు:

• ఫైళ్లు పెడితే చాలదు. టైమర్‌ని స్టార్ట్ చేయాలి, ఎనేబుల్ కూడా చేయాలి. ఎనేబుల్ చేయకపోతే రీబూట్ తర్వాత అది మళ్లీ మొదలవదు.

• క్యాలెండర్ టైమ్ పెట్టినప్పుడు ‘పర్సిస్టెంట్’ ఆన్ చేయాలి. సర్వర్ ఆఫ్‌లో ఉండగా తప్పిపోయిన పని, ఆన్ అయ్యాక జరిగిపోతుంది.

• ‘రాండమైజ్డ్ డిలే’ లేకపోతే సర్వర్లన్నీ దాదాపు ఒకేసారి రిక్వెస్ట్‌లతో మీద పడతాయి.

టైమర్ మళ్లీ ఎప్పుడు నడుస్తుందో ‘సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్’ కమాండ్‌తో తెలిసిపోతుంది.