లంద మనది, లెదర్ టౌన్ వాళ్లది (మన తోలు చరిత్ర – 6)

పోయిన భాగం చదివి డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పని మనది, పనితనం మనది. మరి తోలు పరిశ్రమ వాణియంబాడిలో, ఆంబూరులో పెరిగిందేంది? మన గూడెంలో ఎందుకు పెరగలే?"

కులం అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. అబద్ధం కాదు గానీ అది సగం జవాబే. సర్కారు రూపాయి ఎక్కడ పడింది, ఎక్కడ పడలేదు అని చూస్తే మిగతా సగం దొరుకుతుంది.

మా పెద్దనాయన లంద నాకు గుర్తుంది. గూడెం చివర గుంతలు, సున్నపు వాసన, తంగేడు చెక్క నానిన ఎర్రటి నీళ్లు. వారాల తరబడి తోలు అందులోనే ఊరేది. ఆరె, రంపె తప్ప వేరే యంత్రం లేదు. మోట బొక్కెన, చెప్పులు, డప్పు, ఎడ్ల పట్టెడలు అన్నీ ఆ చేతుల్లోంచే వచ్చాయి. దీన్ని మనం పాటల్లో గొప్పగా పాడుకుంటాం. పాడుకోండి, కానీ ఆ కంపులో నిలబడి పని చేసినోళ్ల ఒంటి పుండ్లు మర్చిపోవద్దు.

పందొమ్మిదో శతాబ్దం సగం దాటాక మద్రాసు రేవు నుంచి లండన్‌కు తోళ్ల ఎగుమతి పెరిగింది. తోలుకు ధర వచ్చింది. ధర రాగానే చచ్చిన గొడ్డు తోలు మీద మాదిగకున్న పాత హక్కు ఊళ్లలో సడలిపోతూ వచ్చింది. తోలు సంతకు, సంత నుంచి వర్తకుడికి, అక్కడి నుంచి రేవుకు పోయింది. పాలారు ఒడ్డున నీళ్లున్నాయి, తంగేడు చెక్కుంది, రైలుంది, దగ్గర్లో మద్రాసుంది. పెట్టుబడి పెట్టగల తమిళ ముస్లిం వర్తక కుటుంబాలున్నాయి. టానరీలు అక్కడ ఒకదాని పక్కన ఒకటి లేచాయి. పని చేసిన చేతుల్లో ఎక్కువ భాగం దళితులవే.

ఇప్పుడు సర్కారు సంగతి. మద్రాసు ప్రభుత్వంలో ఆల్ఫ్రెడ్ చటర్టన్ అనే ఇంజినీరు ఉండేవాడు. 1898లో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టి, నడిచాక ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పాడు. తర్వాత క్రోమ్ టానింగ్ పట్టుకున్నాడు. క్రోమ్ తోలు నీళ్లలో నానినా తొందరగా కుళ్లదు, మోట బొక్కెనలకు బాగా పనికొస్తుంది. సర్కారే ఫ్యాక్టరీ నడిపి చూపించింది. మద్రాసులోని యూరోపియన్ వ్యాపారులకు ఇది గిట్టలేదు. 1910లో ఇండియా మంత్రి మోర్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది: చదువు చెప్పండి, వ్యాపారం చేయకండి. ఫ్యాక్టరీ అమ్మేశారు. చటర్టన్ 1912లో మైసూరు సంస్థానానికి వెళ్లిపోయాడు.

చటర్టన్‌ను నేను మహానుభావుడిని చేయడం లేదు. ఆయన లెక్కలో రైతుకు మంచి బొక్కెన దొరకాలి. లంద దగ్గర కూర్చున్న మాదిగను ఫ్యాక్టరీ యజమానిని చేయాలన్న ఆలోచన ఆ లెక్కలో లేదు. అయినా ఒకటి తేలింది. కొత్త పద్ధతిలో మొదటి నష్టం భరించే శక్తి విడి మనిషికి ఉండదు, సర్కారుకే ఉంటుంది.

1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పుట్టింది. తెనాలి ప్రాంతం వాడైన యలవర్తి నాయుడమ్మ దాన్ని దేశమంతా తెలిసేలా చేశాడు. 1973 ప్రాంతంలో కేంద్రం పచ్చి తోలు, సగం ఊనిన తోలు ఎగుమతుల్ని కట్టడి చేసి, తయారైన సరుకు వైపు పరిశ్రమను నెట్టింది. వాణియంబాడి, రాణిపేట లాభపడ్డాయి, ఎందుకంటే అప్పటికే అక్కడ గుంపుగా టానరీలున్నాయి. అదే గుంపు పాలారును చంపింది కూడా. ఒడ్డునున్న బావులు ఉప్పగా మారాయి, పొలాలు పాడయ్యాయి. 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు కేసులో టానరీలకు ఒక్కొక్కదానికి పదివేలు జరిమానా వేసింది. మురుగు శుద్ధి ప్లాంట్లు ఉమ్మడిగా కట్టుకున్నచోట సర్కారు సబ్సిడీ ఇచ్చింది. చిన్న టానరీ ఒక్కటీ అంత ప్లాంటు సొంతంగా కట్టలేదు. క్లస్టర్ అనే ఇంగ్లీషు మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే: ఒక్కడికి అందనిది పదిమంది మధ్య ఉమ్మడిగా ఉండటం.

మన దగ్గరా 1973లో లిడ్‌క్యాప్ పెట్టారు. మినీ లెదర్ పార్కుల పేరుతో భూములు కేటాయించారు. చాలా చోట్ల షెడ్డు లేస్తే కరెంటు లేదు, శిక్షణ ఇస్తే ఆర్డరు లేదు. మురుగు ఎటు పోవాలో ఎవరూ గీయలేదు. తర్వాత ఆ భూమి మీద వేరేవాళ్ల కన్ను పడుతుంది.

రాజ్యాంగం తీసి చూడండి. 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు ఇవ్వదగిన 29 అంశాల్లో చిన్న పరిశ్రమలున్నాయి, కుటీర పరిశ్రమలున్నాయి. మున్సిపాలిటీల 12వ షెడ్యూల్‌లో చిట్టచివరి అంశం కబేళాల, టానరీల నియంత్రణ. ఊళ్లో పరిశ్రమ అనిపించుకునేది పట్నానికి వచ్చేసరికి కట్టడి చేయాల్సిన కంపు అయింది!

"ఇప్పుడు మళ్లీ తోలు పనికే పొమ్మంటావా అన్నా?" అని అడిగేవాళ్లున్నారు. పొమ్మనను. బాబాసాహెబ్ 1918లోనే చిన్న కమతాల మీద రాస్తూ, భూమి మీద పడి ఉన్న మిగులు జనానికి పరిశ్రమే దారి అన్నాడు. ఆయన చెప్పింది పరిశ్రమ, కులవృత్తి కాదు. మీ మండలంలో లెదర్ పార్కు భూమి ఉంటే సర్వే నంబరు కనుక్కోండి. కరెంటు, మురుగు కాలువ ఎవరి పద్దులో ఉన్నాయో సమాచార హక్కు కింద అడగండి. జిల్లాలో సంక్షేమ హాస్టల్ పిల్లల బూట్లు ఎక్కడి నుంచి కొంటున్నారో కూడా అడగండి.

వచ్చే భాగం: ఆగ్రా జాటవుల బూట్ల బస్తీలు.