డెల్టా పేటల్లో పిడికెడు బియ్యం

భీమవరం చుట్టుపక్కల క్రైస్తవం ఎలా నిలబడిందని అడిగితే ఎక్కువమంది దొరల డబ్బుతోనే మొదలుపెడతారు. బడులు, ఆసుపత్రులు లెక్క చెబుతారు. అది అబద్ధం కాదు, సగం లెక్క. గోదావరి డెల్టాలో తొలినాళ్ళ మిషనరీలకు జీతం ఇచ్చే సొసైటీయే లేదు. 1836లో ఇంగ్లండ్‌లోని బార్న్‌స్టేపుల్‌కు చెందిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో సహా ఆంథొనీ గ్రోవ్స్ వెంట ఓడెక్కి బందరు చేరారు. ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లులలో స్థిరపడ్డారు. ఈ గ్రోవ్స్ పళ్ళ డాక్టరు. విశ్వాసి కూడబెట్టకూడదు, పంచిపెట్టాలని 1825లో ఒక చిన్న పుస్తకం రాసి, తర్వాత తానూ వృత్తి వదిలేశాడు. ఆయన సోదరి భర్త జార్జ్ ముల్లర్ జీతం మానుకుని, ఎవరినీ చేయిచాచి అడగకుండా, 1836లోనే బ్రిస్టల్‌లో అనాథాశ్రమం తెరిచాడు. వీళ్ళ దృష్టిలో దేవుణ్ణి ఎరగడమంటే రేపటి తిండికి ఆయన్నే నమ్ముకుని, చేతిలో ఉన్నది ఇచ్చేయడం.

అయితే వదులుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడికి ఈ బోధ తేలిక. దానికి అసలు పరీక్ష జరిగింది దళిత కూలీల పేటల్లోనే. 1847–52 మధ్య కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్టతో కాలువలు వచ్చి పొలాలు మాగాణి అయ్యాయి. భూమి మాత్రం ఉన్నవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. బౌడెన్, బీర్‌ల బాటలో వచ్చిన బ్రదరన్ సంఘాల్లోకి, రాజమండ్రి నుంచి భీమవరం దాకా విస్తరించిన లూథరన్ సంఘాల్లోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. తెలుగు సంఘాల్లో పాతుకుపోయిన ఆచారం ఒకటుంది: వంటకు బియ్యం తీసేటప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెస్తుంది. కోతలయ్యాక కోతల పండుగకు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి వేలం వేస్తారు. కూలి ధాన్యంగా కొలిచే రోజుల్లో ఆ పిడికెడు ఇంట్లో మిగిలింది కాదు, కూలిలోంచి తగ్గించుకున్నది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య ఇవ్వడం ఆరాధనలో భాగమని నమ్మి, క్రైస్తవ దానం మీద పుస్తకమే రాశాడు. పేదవాడని కానుక నుంచి మినహాయిస్తే అతన్ని తక్కువ చేసినట్టేనన్న ఈ ఆలోచన నాకు సబబుగానే తోస్తుంది. పుచ్చుకునేవాడిగానే చూసినవాణ్ణి ఇచ్చేవాడిగా నిలబెట్టిందది.

బియ్యం కోసం మతం మారారన్న ఎత్తిపొడుపు పాతదే. కరువు రోజుల్లో గంజి కోసం వచ్చినవాళ్ళు లేరని ఎవరూ అనలేరు. కానీ వారం వారం బియ్యం ఇంటి నుంచి గుడికి నడిచిన సంగతిని ఆ మాట లెక్కలోకి తీసుకోదు. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అతను బీసీ-సీ కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తాడు. కాగితం మీద హిందువుగా ఉండిపోయినవాళ్ళు ఉన్నా, బహిరంగంగా క్రైస్తవుడిగా బతకడం లాభసాటి బేరం కాదని ఆ ఉత్తర్వే చెబుతోంది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ వేరే ఉంది. యిర్మీయా గ్రంథంలో, దీనుల వ్యాజ్యెం న్యాయంగా తీర్చిన రాజు గురించి చెబుతూ, నన్ను ఎరగడమంటే అదే కదా అని దేవుడు అడుగుతాడు. అక్కడున్నది న్యాయం చేయడం, దానం చేయడం కాదు. పిడికెడు బియ్యంతో పాస్టరు కుటుంబం గడిచింది, పక్కింటి విధవరాలికి పూట గడిచింది. ఇచ్చిన ఆడమనిషికి మాత్రం సెంటు భూమి రాలేదు. ఈ విమర్శను నేను ఒప్పుకుంటాను. కానీ ఆ లోటు భూమి పంచని వాళ్ళది, బియ్యం పంచినవాళ్ళది కాదు. కోతల పండుగ వేలంలో పాట పెంచి పేరు చదివించుకునే ముచ్చట సంగతి వేరు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్న క్రీస్తు బోధకు అది ఎదురు పోవడమే.

మిషన్ చరిత్రల్లో విదేశీ దాతల పేర్లుంటాయి, బియ్యపు కుండ పెట్టిన ఆడవాళ్ళ పేర్లుండవు. పాత కానుకల పుస్తకాలు ఇంకా మిగిలి ఉన్న సంఘాలు వాటిని చెదలకు వదిలేయకుండా, రాసేవాళ్ళకు చూపించాలి.