ఒడిలో నేర్చిన తాళము

సంగీతవిద్య మన బిడ్డలకు ఎన్నవయేట మొదలగునని యడిగినచో, ఏడవయేట, గురువునొద్ద సరళీస్వరములతో నని చెప్పుదుము. నేనును చిరకాలము అట్లే తలంచితిని. నిజమునకు ఆ విద్య ఏడవ నెలలోనే, ఇంటి పెద్దల మోకాలిమీద మొదలగుచున్నది.

బిడ్డను తొడపై కూర్చుండబెట్టుకొని, చేతులు పట్టి చప్పట్లు చఱపించుచు తారంగ మాడించుట యెఱుగని తెలుగిల్లు అరుదు. నారాయణతీర్థుల కృష్ణలీలాతరంగిణిలోని తరంగమునకు కూచిపూడివారు ఇత్తడి పళ్ళెరపు టంచున నిలిచి ఆడుదురు. ఆ నటునకును ఈ పసివానికిని బాలకృష్ణుడే ఒరవడి.

తాళ్లపాక అన్నమాచార్యులవారు (1408–1503) భగవంతుని పసిబిడ్డగా భావించి జోలలు, ఉయ్యాలపాటలు రచించిరి. ఆయన సంకీర్తనలుగల రాగిరేకులు తిరుమల ఆలయమున చిరకాలము మరుగుపడియుండి, 1922 ప్రాంతమున పండితుల దృష్టికి వచ్చినవి. రేకులు మరుగుననున్న ఆ శతాబ్దములలోను జోల ఆగలేదు. అక్షరము రాని అవ్వలు దానిని నోటనే నిలిపిరి. తిరువయ్యారున త్యాగరాజస్వామి (1767–1847) శ్రీరామునకు లాలి పాడినప్పుడు, ఆ యింటిపాటల రూపమే ఆయనకు చేతికందినదని నా యభిప్రాయము.

ఈ ఒడియూపు వట్టి ముద్దు కాదు. 2005లో కెనడా దేశమందలి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున ఇద్దఱు పరిశోధకురాండ్రు, ఏ దెబ్బకును ఊనిక లేని వాద్యధ్వనిని ఏడు నెలల శిశువులకు రెండు నిమిషములు వినిపించిరి. వినిపించుచు, కొందఱిని రెండేసి దెబ్బలకును, కొందఱిని మూడేసి దెబ్బలకును ఎత్తి ఊపిరి. పిమ్మట ఏ బిడ్డ ఏ లెక్కకు ఊగెనో, ఆ లెక్కకు ఊనికగల ధ్వనినే హెచ్చుసేపు వినెను. ఒరులు ఊగుట చూచుచు మాత్రమే యున్న శిశువులకు అట్టి మక్కువ కలుగలేదు. తాళము మేనితో నేర్చునది గాని కంటితో నేర్చునది కాదన్నమాట.

మా నాయనమ్మకు చదువు రాదు. ఆమె పాటలను మా యింట నెవ్వరును వ్రాసికొనలేదు. ఆమెతోనే అవి పోయినవి. మొన్న మనుమని ముందు పెట్టె పాడుచుండెను; వాడు చాపమీద ఒంటరిగా చూచుచుండెను. సిగ్గు విడిచి వానిని ఎత్తుకొని అడుగులు వేసితిని. నాయనమ్మ పాట మాటలు నాకు రాలేదు కాని, ఆమె మోకాలి ఊపు నా భుజములకు తానై వచ్చినది. వాడు నవ్వెను.

అన్నమయ్య పాటలను రాగి కాచినది. అవ్వల పాటలకు రేకులు లేవు. మన మేనులే రేకులు. కావున, పెద్దలారా, ఆడువారి పని యని తలంపక మీ మనుమలను ఎత్తుకొనుడు. ఈ రేడియో పెట్టె పాడగలదు, బిడ్డను ఎత్తుకొనలేదు.