అజయ్ ఒడ్డున కెందులి జాతర

పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో, అజయ్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు జయదేవ్ కెందులి. ఏటా మకర సంక్రాంతికి ఇక్కడ జాతర జరుగుతుంది. ఇంటింటా పాడుతూ తిరిగే బావుల్ గాయకులు, ఫకీర్లు, కీర్తన బృందాలు ఊళ్ల నుంచి తరలివస్తారు. టిక్కెట్టు లేదు, పిలుపు అక్కర్లేదు. పండగ సెలవు దొరికిన ఉద్యోగి, వరికోత ముగించుకున్న రైతు పక్కపక్కనే కూర్చుని తెల్లవార్లూ పాట వింటారు.

ఈ జాతరకు మూలం నదీస్నానం. గీతగోవిందం రాసిన 12వ శతాబ్దపు కవి జయదేవుడిది ఈ ఊరేనని బెంగాలీల నమ్మకం. ఒడిశా వాళ్లు మాత్రం ప్రాచీ నది తీరంలోని కెందులిని చూపిస్తారు. జయదేవుడు రోజూ దూరాన ఉన్న గంగకు వెళ్లి స్నానం చేసేవాడట. ఒక సంక్రాంతికి వెళ్లలేకపోతే గంగే అజయ్‌లోకి ఎదురెక్కి వచ్చిందని స్థలపురాణం. ఊళ్లోని రాధావినోద్ గుడి గోడల మీద కాల్చిన మట్టి ఫలకాల్లో రామాయణ ఘట్టాలు కనిపిస్తాయి.

వైష్ణవుల స్నానఘట్టానికి బావుల్‌లు రావడానికి కారణముంది. సహజియా వైష్ణవులు జయదేవుణ్ణి తమ ఆదిగురువుగా తలుస్తారు. బావుల్ సాధనలో ఆ మార్గం, సూఫీ మార్గం కలిసిపోయాయి. దేహమే గుడి, వెతకవలసినవాడు లోపలే ఉన్నాడు అన్నది వాళ్ల మాట. తెలుగునాట బైరాగులు ఏకతార మీటుతూ పాడే తత్వాలు విన్నవారికి ఇది కొత్తగా అనిపించదు. బావుల్ గాయకుడు కుడిచేత ఏకతార ఎత్తి పట్టి చూపుడువేలితో మీటుతాడు, నడుముకు కట్టిన డుగ్గీ అనే చిన్న డప్పును ఎడమచేత్తో వాయిస్తాడు, తాళం కాలిగజ్జెలది. పాట, వాద్యం, ఆట అన్నీ ఒక్క మనిషే.

ఇక్కడ పాటకు వెల లేకపోవడం ఏ నిర్వాహకుడో చూపిన ఉదారత కాదు. బావుల్ బతుకే మాధుకరం. సంక్రాంతి నెల పొద్దున్నే మన వాకిట్లోకి వచ్చే హరిదాసులాగే, అతడూ ఇంటింటా పాడి గుప్పెడు బియ్యం అందుకుంటాడు. జాతరలో ఆ లెక్క తిరగబడుతుంది: ఆశ్రమాలు, దాతలు అఖాడాలనే పందిళ్లు వేసి పాడేవాళ్లకూ వినేవాళ్లకూ కలిపి కిచిడీ వడ్డిస్తారు.

చదువుకున్నవాళ్ల దృష్టి ఈ పాట మీద పడింది ముఖ్యంగా రవీంద్రనాథ్ ఠాగూర్ వల్ల. ఆయన బావుల్ కవి లాలన్ ఫకీర్ పాటలను 1915లో ప్రవాసి పత్రికలో అచ్చువేయించాడు. 1930లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసాల్లో బావుల్‌ల గురించి చెప్పాడు. 1967లో బాబ్ డిలాన్ ఆల్బమ్ అట్ట మీద పూర్ణదాస్ బావుల్ నిలబడ్డాడు. బంగ్లాదేశ్ బావుల్ పాటలను యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా ప్రకటించింది.

పేరు పెరిగాక జనమూ పెరిగారు, వాళ్లతో మైకులూ వచ్చాయి. పక్కపక్క అఖాడాల లౌడ్‌స్పీకర్లు ఒకదాన్నొకటి మింగేస్తుంటే, గొంతులోని సన్నని విరుపులు వినబడవు. దగ్గరగా కూర్చుని వినాల్సిన పాటకు ఇది నిజమైన నష్టం. మైకు లేని చిన్న పందిరి వెతుక్కుని కూర్చోవడమే మేలు.

జాతర జనవరి నడుమ, సంక్రాంతి సెలవుల్లోనే వస్తుంది. హౌరా నుంచి బోల్‌పూర్‌కు రైలు, అక్కడి నుంచి కెందులికి బస్సు ఉన్నాయి. నది ఒడ్డున చలి గట్టిగా ఉంటుంది కాబట్టి దుప్పటి తప్పనిసరి.