సగం గీత దాటిన ఫుల్‌బ్యాక్

1958 జూన్ 8. స్వీడన్‌లోని ఉద్దెవల్ల పట్టణం. ప్రపంచకప్పు తొలి మ్యాచ్‌లో ఆస్ట్రియా మీద బ్రెజిల్ ఒక గోలు ముందుంది. రెండో సగం మొదలైన కాసేపటికే ఎడమ ఫుల్‌బ్యాక్ నిల్టన్ శాంటోస్ బంతి తీసుకుని సగం గీత దాటాడు. వెనక్కి రమ్మని కోచ్ విసెంటే ఫియోలా మైదానం అంచు నుంచి కేకలు పెట్టాడని బ్రెజిల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిల్టన్ ఆగలేదు. నేరుగా గోల్‌పోస్టు ముందుకు వెళ్లి గోలు కొట్టాడు. బ్రెజిల్ 3-0తో గెలిచింది.

ఇవాళ ఆట చూసేవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఆ రోజుల్లో మాత్రం ఫుల్‌బ్యాక్ అంటే కాపలావాడు. ఎదుటి వింగర్‌ను వదలకూడదు, బంతి దొరికితే దూరంగా తన్నేయాలి. నిల్టన్‌కు ఆ పని చాలలేదు. 1925లో రియో డి జనీరోలో పుట్టిన ఈ మనిషి మొదట ఫార్వర్డ్. 1948లో బొటాఫోగో క్లబ్బులో చేరాక వెనక్కి వచ్చాడు. 1964 దాకా ఆ ఒక్క క్లబ్బుకే ఏడు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఆట గురించి ఆయనకు తెలియంది లేదని ‘ఎన్‌సైక్లోపీడియా’ అని పిలిచేవారు.

1950లో సొంతగడ్డ మీద జరిగిన ప్రపంచకప్పు జట్టులో ఆయన ఉన్నాడు గానీ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మరకానాలో ఉరుగ్వే చేతిలో ఓడిన ఆ చివరి రోజు ఎడమ ఫుల్‌బ్యాక్ బిగోడె. ఉరుగ్వే ఆటగాడు గిగ్గియా ఆయన్ను దాటిపోయి గెలుపు గోలు కొట్టాడు. ఆ ఒక్క మధ్యాహ్నానికి బిగోడె, గోల్‌కీపర్ బార్బోజా, మరో డిఫెండర్ జువెనల్ జీవితాంతం నిందలు మోశారు. ముగ్గురూ నల్లజాతివారే కావడం యాదృచ్ఛికం అని నేననుకోను. 1954 ప్రపంచకప్పులో, బెర్న్‌లో హంగరీ చేతిలో ఓడిన మ్యాచ్‌లో ఆ జట్టు ఆటగాడు బోజిక్‌తో తలపడి, అతనితో పాటు నిల్టన్ కూడా మైదానం బయటికి వెళ్లాల్సి వచ్చింది.

ఈ ఓటములకు నడుమ, 1953లో బొటాఫోగో సాధనకు వంకర కాళ్ల కుర్రాడొకడు వచ్చాడు. పేరు గరించా. దేశంలోనే పేరున్న డిఫెండర్ నిల్టన్‌ను తికమక పెట్టి, కాళ్ల సందులోంచి బంతి దాటించాడని కథ. అంత పెద్ద ఆటగాడికి ఉక్రోషం రావాలి. ఆయన మాత్రం క్లబ్బు పెద్దల దగ్గరికి వెళ్లి, ఈ కుర్రాణ్ణి వెంటనే తీసుకోండి, రేపు ఇతనితో ఎదురుగా ఆడటం నావల్ల కాదు అన్నాడట. తన ఓటమిలో ఎదుటివాడి గొప్పతనం చూడగలిగిన ఆ మనసే నన్ను నిల్టన్ కథ దగ్గరికి మళ్లీ మళ్లీ లాక్కొస్తుంది. గరించా లేకుండా 1958, 1962 కప్పులను ఊహించగలమా!

1962 జూన్ 6, చిలీలోని వినా దెల్ మార్. గాయంతో పెలే లేడు. స్పెయిన్ 1-0 ముందుంది. ఓడితే ఇంటిదారి పట్టే ప్రమాదం. ముప్పై ఏడేళ్ల నిల్టన్ పెనాల్టీ బాక్స్ లోపల స్పెయిన్ వింగర్ కొయార్‌ను పడగొట్టాడు. చేతులెత్తి, ఏమీ ఎరగనట్టు రెండడుగులు ముందుకేసి గీత బయట నిలబడ్డాడు. దూరం నుంచి పరుగెత్తుకొచ్చిన రిఫరీ పెనాల్టీ ఇవ్వకుండా ఫ్రీకిక్ ఇచ్చాడు. ఆనక అమరిల్డో రెండు గోల్స్ కొట్టాడు, బ్రెజిల్ 2-1తో బతికింది. పదకొండు రోజుల తర్వాత సాంటియాగోలో చెకొస్లొవేకియాను 3-1తో ఓడించి రెండోసారి కప్పు గెలిచింది.

ఆ రెండడుగులను బ్రెజిల్ అభిమానులు తెలివి అంటారు. నా మట్టుకు అది మోసమే. ఆయన మీద ఎంత అభిమానమున్నా స్పెయిన్‌కు ఆ రోజు జరిగింది అన్యాయం. అయినా అంతటి ఒత్తిడిలో గీత ఎక్కడుందో, రిఫరీ ఎంత దూరంలో ఉన్నాడో క్షణంలో లెక్కగట్టిన బుర్ర, నాలుగేళ్ల ముందు కోచ్ మాట కాదని ముందుకురికిన బుర్ర ఒకటే.

1998లో ఎంచిన ఇరవయ్యో శతాబ్దపు ప్రపంచ జట్టులో ఎడమ ఫుల్‌బ్యాక్ స్థానం ఆయనకే దక్కింది. రియోలో బొటాఫోగో ఆడే స్టేడియానికి ఇప్పుడు ఆయన పేరే. బ్రెజిల్‌కు కుడివైపు ఫుల్‌బ్యాక్‌గా ఆడిన జాల్మా శాంటోస్‌కూ ఈయనకూ చుట్టరికం లేదు, ఇంటిపేరే కలిసింది. ఇద్దరూ కలిసి రెండు కప్పులు గెలిచారు. 2013 జూలైలో జాల్మా వెళ్లిపోయాడు. అదే ఏడాది నవంబరు 27న నిల్టన్ కూడా.