తల రుద్దుకునే మట్టి రాయైంది

ఇబ్నె సీనా పేరు వింటే మనకు యూనానీ దవాఖానాయే యాదికొస్తుంది. కానీ ‘కితాబుష్షిఫా’లో ఆయన రాళ్ల పుట్టుక గురించీ రాశారు. బచ్‌పన్‌లో జైహూన్ దరియా ఒడ్డున జనం తల రుద్దుకునే బంకమట్టిని చూశారు. సుమారు 23 ఏళ్లకు చూస్తే అది మెత్తటి రాయిగా మారి ఉంది. పక్కా రాయి కావాలంటే మామూలుగా లక్షల ఏళ్లు పడుతుంది లెండి. పహాడ్ల రాళ్లలో సముద్రపు గవ్వలున్నాయంటే ఆ నేల ఒకప్పుడు సమందర్ అడుగున ఉన్నట్టేనన్నారు. మెత్తని భాగాన్ని నీళ్లు కోసుకుపోతే గట్టిది కొండగా నిలుస్తుందన్నారు.

1200 ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ అనే ఇంగ్లండు ఆలిమ్ ఈ భాగాన్ని లాటిన్‌లోకి తర్జుమా చేశాడు. అది అరస్తూ కితాబ్ చివర చేరింది. యూరప్‌లో చాలామంది దాన్ని అరస్తూ మాటగానే చదివారు. అరస్తూ ఇంతెఖాల్ అయింది ఇబ్నె సీనా పుట్టడానికి 1300 ఏళ్ల ముందు!